ఆమె కుట్టిన విస్తరిలో మనం అన్నం తింటామా?

(మార్కాపురంలో ఆదివాసీ యువత కోసం పెట్టుకున్న ఒకరోజు శిక్షణలో మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ళ కోసం రాసి పెడుతున్నాం. చదివి, మీ గూడెంలో, మీ తండాలో నలుగురికీ వినిపించండి.)



దోర్నాల, యర్రగొండపాలెం, పుల్లలచెరువు, అర్ధవీడు గూడేల నుంచి, గిద్దలూరు, కొమరోలు వైపు తండాల నుంచి తెల్లారకముందే లేచి బస్సులు మారి వచ్చిన తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు, అక్కలకు నమస్తే. ఇల్లు వదిలి వచ్చే వీల్లేక ఇది ఫోన్లో చదువుతున్న మీకు కూడా.

పొద్దుట్నుంచీ అటవీ హక్కుల పట్టాల గురించి, రోడ్ల గురించి, నీళ్ళ గురించి మాట్లాడుకున్నాం. ఇప్పుడు నేను ఎత్తబోయేది మనం సభల్లో ఎత్తని మాట. హెచ్‌ఐవీ. ఆ మాట వినగానే వెనక వరసలో ఇద్దరు ముగ్గురు తల దించుకున్నారు. ఒకరిద్దరు మోచేత్తో పొడుచుకుని నవ్వుకున్నారు. నేను కోప్పడను. ఒకప్పుడు నేను అంతకంటే పెద్ద తప్పే చేశాను. ముందు ఆ సంగతి చెప్తా.

నాకప్పుడు పదమూడేళ్ళు. మా గూడెంలో ఒక అక్క ఉండేది. పేరు చెప్పను, ఎందుకు చెప్పనో తర్వాత మీకే తెలుస్తుంది. మోదుగాకు, అడ్డాకు తెచ్చి విస్తర్లు కుట్టేది. ఆమె కుట్టిన విస్తట్లో పల్చటి చారు పోసుకున్నా ఒక్క చుక్క కారేది కాదు. చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళయితే ముందు ఆమెకే కబురొచ్చేది. వాళ్ళాయన బెంగళూరు బిల్డింగు పనికి పోయి, జబ్బుతో తిరిగొచ్చి, ఇంటి దగ్గరే పోయాడు. ఆ తర్వాత ఆమెకి పరీక్ష చేశారు. కాగితం మీద ఉండాల్సిన మాట వారం తిరక్కుండా గూడెమంతా తిరిగింది.

ఆ నెలలోనే మా ఇంట్లో ఒక శుభకార్యం. ఆమె ఎప్పట్లాగే ఒక విస్తర్ల కట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను దాన్ని చూర్లో దోపేసి, దోర్నాల నుంచి తెచ్చిన కాగితం ప్లేట్లు పరిచాను. ఎవరూ చెప్పలేదు నాకు. నా అంతట నేనే చేశాను. రెండో రోజు ఆమె వచ్చి చూర్లో ఉన్న కట్ట చూసింది. “ఏమే, నా ఆకు బాలేదా?” అని అడిగింది. నేను నేల చూపులు చూశాను.

ఆ తర్వాత ఆమె ఇంక విస్తరి కుట్టలేదు. కుట్టినా కొనేవాళ్ళు లేరు. మిరపకాయ కోతకి పోయే ఆటోలో ఆమెని ఎక్కించుకోలేదు. మందు ప్రభుత్వం ఉచితంగానే ఇస్తోంది అప్పటికే. కానీ ఆ మందు కోసం ఆమె ఒంగోలు పోవాలి, వంద కిలోమీటర్లకు పైనే. ఛార్జీ లేదు, తోడు లేదు. రెండు నెలలు మానేసింది, మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ మానేసింది. టీబీ వచ్చింది. రెండో వానాకాలం చూడలేదు.

నేను ఇన్నేళ్ళుగా ఆలోచిస్తూనే ఉన్నాను. ఆమె చేతుల్లో పని ఉంది. ఆస్పత్రిలో మందు ఉంది. రెండూ ఉండగానే మనిషి పోయింది. ఆ రెండిటికీ మధ్యలో ఉండాల్సింది మేము. మేము అక్కడ లేము.

కాబట్టి ఈ రోజు నేను చెప్పేది ఒక్కటే. హెచ్‌ఐవీతో బతుకుతున్న ఆడమనిషికి మూడు కావాలి. ఆగకుండా మందు, తన చేతికి వచ్చే తన కూలి, తనతో కలిసి కూర్చుని తినే ఊరు. ఒకటి తెగితే మిగిలిన రెండూ తెగుతాయి. కూలి లేకపోతే బస్సు ఛార్జీ లేదు, ఛార్జీ లేకపోతే మందు లేదు. ఊరు వెలి వేస్తే కూలి లేదు. చేతిపని గురించి ఎవరు ఏ పథకం తెచ్చినా, ఈ మూడు ముళ్ళూ గట్టిగా ఉన్నాయా లేదా అని చూసుకోండి.

ముందు జబ్బు గురించి నాలుగు మాటలు. తెలిసినవాళ్ళు కూడా వినండి, రేపు మీరే చెప్పాలి.

మన దేశంలో హెచ్‌ఐవీని మొదట కనుక్కున్నది 1986లో, చెన్నైలో. డాక్టర్ సునీతి సాలమన్, ఆమె దగ్గర చదువుకుంటున్న నిర్మల అనే విద్యార్థిని కలిసి బయటపెట్టారు. ఆ రోజుల్లో మందు లేదు. తర్వాత మందు వచ్చినా పేదవాడికి అందని ధర. ఎన్నో దేశాల్లో జబ్బుతో ఉన్నవాళ్ళే రోడ్డెక్కి పోరాడితే, మన దేశపు కంపెనీలు చవగ్గా తయారుచేస్తే, ధర దిగింది. 2004 ఏప్రిల్ 1 నుంచి మన ప్రభుత్వం ఏఆర్‌టీ మందు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది. 2017 నుంచి పరీక్షలో తేలిన ప్రతి ఒక్కరికీ, సీడీ4 లెక్క ఎంతున్నా, వెంటనే మందు మొదలుపెట్టాలన్నారు. ఇప్పుడు చాలామందికి రోజుకి ఒక్క మాత్ర సరిపోతోంది.

ఆ మాత్ర రోజూ వేసుకుంటే రక్తంలో వైరస్ తగ్గిపోతూ వస్తుంది. పరీక్షకి కూడా దొరకనంత తగ్గి, అలాగే నిలబడితే, ఆ మనిషి నుంచి కాపురం ద్వారా ఇంకొకరికి అంటదు. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఒప్పుకున్న మాట. తల్లి నుంచి బిడ్డకి అంటే ప్రమాదం మందు లేకపోతే నూటికి 15 నుంచి 45 దాకా ఉంటుంది. మందు సరిగ్గా వాడితే 5 కంటే తక్కువకి దిగుతుంది. అంటే మాత్ర మానకుండా వేసుకుంటున్న అక్క తన ప్రాణమే కాదు, తన బిడ్డల్ని కూడా కాపాడుకుంటోంది.

న్యాకో అంచనాల ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 3 లక్షల మందికి పైగా హెచ్‌ఐవీతో బతుకుతున్నారు. దేశంలో ఎక్కువ మంది ఉన్న రాష్ట్రాల్లో మనదొకటి. మన ఈ ప్రాంతం కరువు సీమ. వాన లేకపోతే హైదరాబాదుకో, బెంగళూరుకో, గుంటూరు మిరప చేలకో పోవాల్సిందే. వలస పోవడం తప్పు కాదు. వలస పోయినవాడిని తిట్టి లాభం లేదు. కానీ ఇంటి దగ్గరే ఉండి, ఏ పాపమూ తెలియని ఆడమనిషి చివరికి రెండు భారాలు మోస్తోంది. జబ్బూ ఆమెదే, నిందా ఆమెదే. మొగుడు పోతే “నీ వల్లే పోయాడు” అని అత్తింటివాళ్ళు గెంటేసిన అక్కలు మనకి తెలుసు.

ఇప్పుడు చేతిపని దగ్గరికి వద్దాం.

చేతిపని ఎందుకంటే, ఎండలో బరువులు మోసే కూలి అన్ని రోజులూ కుదరదు. మందు మొదలుపెట్టిన కొత్తల్లో కొందరికి తల తిరుగుతుంది, వికారంగా ఉంటుంది. ఆస్పత్రి రోజు పని పోతుంది. కూర్చుని, నీడన, తనకి వీలైన గంటల్లో చేసుకునే పని ఉంటే ఆ రోజులు గడుస్తాయి. పైగా ఆ పని మన చేతుల్లో ఇప్పటికే ఉంది. చెంచులకి వెదురు బుట్ట, విస్తరి. ఎరుకల వాళ్ళకి చేట, గంప, తట్ట. సుగాలీ తండాల్లో అద్దాలు, గవ్వలు, పూసలు పెట్టి కుట్టే కుట్టు. ఎక్కడినుంచో కొత్త పని తెచ్చి నేర్పక్కర్లేదు. అమ్మ దగ్గర, అవ్వ దగ్గర ఉన్నదే.

అయితే పని ఉంటే చాలు అనుకుంటే మోసపోతాం. మూడు చోట్ల జాగ్రత్తగా ఉండాలి.

మొదటిది, డబ్బు ఎవరి చేతికి పోతోంది. మన రాష్ట్రంలోనే నర్సాపురం ఉంది, పశ్చిమ గోదావరిలో. అక్కడి ఆడవాళ్ళు అల్లే లేసు సముద్రాలు దాటి పోయింది. జర్మనీకి చెందిన మరియా మీస్ అనే సామాజికవేత్త అక్కడ ఉండి వాళ్ళ బతుకు చూసి 1982లో ఒక పుస్తకం తెచ్చింది. ఆమె చూపించింది ఏంటంటే, రోజంతా అల్లే ఆడవాళ్ళని ఎవరూ కార్మికులు అనలేదు. “ఇంట్లో ఖాళీగా ఉండి అల్లుకుంటున్నారు” అన్నారు. ఖాళీ సమయం పని కదా అని కూలి కాని కూలి ఇచ్చారు. లాభం ఏజెంట్లకి, ఎగుమతి చేసేవాళ్ళకి పోయింది. హెచ్‌ఐవీ ఉన్న అక్కకి ఇదే ఇంకా సులువుగా జరుగుతుంది. “ఏదో పాపం, నీకు పని ఇస్తున్నాం” అన్న మాట కింద ఏ కూలి అయినా దాచేయొచ్చు.

అందుకే లెక్క నేర్చుకోండి. ఒక అక్క రోజుకి ఒక పెద్ద బుట్ట అల్లుతుంది అనుకుందాం. వెదురుకి 50 రూపాయలు, సంతకి చేర్చడానికి 10. ఉపాధి హామీ కూలి కూడా 300 దాటింది కాబట్టి ఆమె రోజు కూలి కనీసం 300 వేద్దాం. మొత్తం 360. వ్యాపారి 150 ఇచ్చి తీసుకుపోతే, ఖర్చు పోగా ఆమెకి మిగిలేది 90. అంటే 210 రూపాయలు ఆమె జేబులోంచి ఆ వ్యాపారికి దానం చేసింది. ఈ లెక్క ఇంటర్ చదివిన ఏ తమ్ముడైనా ఒక నోటుబుక్కులో రాసి పెట్టగలడు. ఇది మీరు చెయ్యగల మొదటి సేవ.

రెండోది, పని ఆమె ఊపిరి తీయకూడదు. మార్కాపురం అంటే పలకలు. మన రాతి పలక మీద అక్షరాలు దిద్దుకుని తరాలు చదువుకున్నాయి. కానీ ఆ రాయి కోసేచోట, అరగదీసేచోట లేచే దుమ్ము లోపలికి పోతే సిలికోసిస్ వస్తుంది. సిలికోసిస్ ఉన్నవాళ్ళకి టీబీ ప్రమాదం పెరుగుతుంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళ ప్రాణాలు ఎక్కువగా తీసేదీ టీబీనే. ఈ మూడూ ఒక్క మనిషిలో కలవకూడదు. “చిన్న పనే కదా, కూర్చుని చేసేదే కదా” అని దుమ్ము పనికి పంపకండి. దగ్గు రెండు వారాలు దాటితే కళ్ళె పరీక్ష చేయించండి. టీబీ మందు ఉచితం. మందు వాడినన్ని రోజులూ తిండికి నెలకి 1000 రూపాయలు ఇవ్వాలి, 2024 నవంబరు నుంచి అది 500 నుంచి పెరిగింది. అడిగి తీసుకోండి.

మూడోది, నాకు అన్నిటికంటే బాధ కలిగించేది. జబ్బుని అమ్మడం. “ఈ బొమ్మ హెచ్‌ఐవీ మహిళ చేసింది, కొని సాయం చెయ్యండి” అని చీటీ తగిలించి, పక్కన ఆమె ఫోటో పెట్టి అమ్మేవాళ్ళు ఉన్నారు. మంచి మనసుతోనే చేస్తారు. కానీ ఆ ఫోటో ఫోన్లలో తిరిగి తిరిగి ఆమె ఊరికే వస్తుంది. ఆమె కూతురికి సంబంధం చూసేవాళ్ళ దగ్గరికి వస్తుంది. ఒక్కసారి జాలితో కొన్నవాడు రెండోసారి కొనడు. బుట్ట గట్టిగా ఉందని కొన్నవాడు మళ్ళీ వస్తాడు, ఇంకో నలుగురికి చెప్తాడు. చీటీ మీద ఊరి పేరు రాయండి, వెదురు రకం రాయండి, ధర రాయండి. జబ్బు పేరు రాయొద్దు.

మరి ఒక అక్క తానే ముందుకొచ్చి చెప్తానంటే? అది ఆమె ఇష్టం, ఆమె ధైర్యం. 1998లో తమిళనాడులో కౌసల్య అనే ఆమె ఇంకొందరితో కలిసి పాజిటివ్ విమెన్ నెట్‌వర్క్ పెట్టింది. హెచ్‌ఐవీ ఉన్న ఆడవాళ్ళు ఆడవాళ్ళ కోసం పెట్టుకున్న సంఘం. తన ముఖం తానే చూపించి, వెనక ఉన్నవాళ్ళకి దారి చేసింది. ఆమె చెప్పుకోవడం వేరు, ఆమె గురించి మనం చెప్పడం వేరు. ఆ అక్క పేరు నేను ఇవాళ్టికీ ఎందుకు చెప్పడం లేదో ఇప్పుడు అర్థమైంది కదా. చెప్పమని ఆమె నాకు చెప్పలేదు. ఇక అడిగే వీలు కూడా లేదు.

ఇంకొక దూరపు సంగతి. దక్షిణాఫ్రికాలో క్వాజులు-నాటాల్ అనే ప్రాంతం. అక్కడి జులు ఆడవాళ్ళు పూసల పనిలో దిట్టలు. కాపురం సంగతులు, ఆ జబ్బుల సంగతులు ఆడవాళ్ళు నోరు తెరిచి మాట్లాడకూడదని అక్కడ కట్టుబాటు. 1990ల చివర్లో డర్బన్‌లో డిజైన్ పాఠాలు చెప్పే కేట్ వెల్స్ వాళ్ళతో కలిసి ‘సియాజామా’ అని ఒక పని మొదలుపెట్టింది. ఆ మాటకి ‘ప్రయత్నిస్తున్నాం’ అని అర్థం. డాక్టర్లు, తెలిసినవాళ్ళు వచ్చి జబ్బు గురించి చెప్పేవాళ్ళు. ఆడవాళ్ళు కూర్చుని పూసల బొమ్మలు కుడుతూ వినేవాళ్ళు, అడగలేనిది అడిగేవాళ్ళు. నోటితో అనకూడని మాట బొమ్మలో చెప్పేవాళ్ళు. చేతిపని దగ్గర ఇంకో లాభం ఇదే. చేతులు పనిలో ఉంటే నోరు తేలికవుతుంది. మన అవ్వలు చింతపండు కొడుతూ ఎన్ని కష్టాలు చెప్పుకున్నారో గుర్తు తెచ్చుకోండి.

మరి మన దగ్గర ఎట్టా మొదలుపెట్టాలి? నాకు తోచింది చెప్తా. మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి.

‘హెచ్‌ఐవీ మహిళల గ్రూపు’ అని విడిగా పెట్టొద్దు. ఆ పేరుతో బోర్డు పెడితే ఆ గుమ్మం తొక్కిన ప్రతి ఆడమనిషినీ ఊరు వేలెత్తి చూపిస్తుంది. పది పన్నెండు మంది ఆడవాళ్ళు కలవండి. మొగుడు పోయినవాళ్ళు, ఒంటరివాళ్ళు, పెళ్ళికాని పిల్లలు, అందరూ. అందులో ఎవరికి ఏముందో ఎవరికీ తెలియక్కర్లేదు. అందరి పనికీ ఒకటే రేటు. బ్యాంకు ఖాతా ఆడవాళ్ళ పేరు మీదే, సంతకం వాళ్ళదే.

నెలకి రెండు రోజులు ఎవరైనా ‘నాకు పనుంది’ అని చెప్పి పోవచ్చు, ఎందుకని అడగకూడదు అని మొదటి రోజే రాసుకోండి. ఆస్పత్రి రోజున అబద్ధం చెప్పాల్సిన అవసరం ఉండదు. వచ్చిన ఆదాయంలో కొంచెం పక్కన పెట్టి ప్రయాణం డబ్బా అని ఉంచండి. ఎవరు ఏ ఆస్పత్రికి పోయినా, జ్వరానికైనా, కాన్పుకైనా, అందులోంచి ఛార్జీ తీసుకోవచ్చు. మా అక్కకి లేనిది సరిగ్గా ఆ డబ్బానే.

ఇక్కడ ఒక చెల్లి పొద్దున టీ తాగేటప్పుడు నన్ను మెల్లగా అడిగింది. “అక్కా, కుట్టేటప్పుడు సూది గుచ్చుకుంటే?” అని. మంచి ప్రశ్న, అందరి ముందే జవాబు చెప్తా. బట్ట మీద, బుట్ట మీద, విస్తరి మీద వైరస్ బతికి ఉండి కొన్నవాళ్ళకి అంటడం జరగదు. ఒంటి బయట అది నిలబడదు. ఏ కుట్టుపనిలోనైనా ఎవరి సూది వాళ్ళది, ఎవరి కత్తి వాళ్ళది ఉండాలి. గుచ్చుకుంటే సబ్బుతో నీళ్ళ కింద కడుక్కోవాలి, గుడ్డ కట్టుకోవాలి. ఇది అందరికీ ఒకటే నియమం, ఒకరి కోసం పెట్టింది కాదు. కలిసి తింటే, ఒకే బిందె నీళ్ళు తాగితే, పక్కన పడుకుంటే, బిడ్డని ఎత్తుకుంటే, దోమ కుడితే అంటదు.

ఇంకొక మాట నాటు మందు గురించి. మన అడవి మందు మీద నాకు గౌరవం ఉంది. మన పెద్దలు ఆకు, వేరు చూసి చెప్పింది ఊరికే చెప్పలేదు. కానీ ‘ఈ పసరు తాగితే హెచ్‌ఐవీ పూర్తిగా పోతుంది, ఆ మాత్రలు మానెయ్’ అని ఎవరన్నా చెప్తే, అది మన వైద్యం కాదు, మన వైద్యం పేరుతో చేసే వ్యాపారం. మాత్ర మానితే వైరస్ మళ్ళీ లేస్తుంది. వేరే ఏం వాడుతున్నా ఏఆర్‌టీ డాక్టరుకి చెప్పి వాడుకోవాలి.

చట్టం సంగతి. 2017లో హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం వచ్చింది. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. అందులో మనకి పనికొచ్చేవి నాలుగు గుర్తుపెట్టుకోండి. మనిషి ఒప్పుకోకుండా హెచ్‌ఐవీ పరీక్ష చెయ్యకూడదు. ఆమె అనుమతి లేకుండా ఆమె సంగతి బయటపెట్టకూడదు. పనిలో, బడిలో, ఆస్పత్రిలో వివక్ష చూపకూడదు. కలిసి బతికిన ఇంట్లోంచి ఆమెని వెళ్ళగొట్టకూడదు, ఆ ఇంట్లో ఉండే హక్కు ఆమెకి ఉంది. ఈ జబ్బు ఉన్నవాళ్ళ మీద ద్వేషం రెచ్చగొట్టేలా ప్రచారం చేస్తే 3 నెలల నుంచి 2 ఏళ్ళ దాకా జైలు పడొచ్చు. వాట్సాప్ గ్రూపులో ‘ఫలానా ఆమెకి ఉందంట’ అని పెట్టే తమ్ముడు ఇది రెండుసార్లు చదవాలి.

ఏఆర్‌టీ వాడుతున్నవాళ్ళకి మన రాష్ట్రంలో పింఛను ఉంది. 2024 జూలై నుంచి నెలకి 4000. ఏ కోవలో ఇస్తున్నారో పక్కింటివాళ్ళకి చెప్పాల్సిన పని లేదు. అనుమానాలు ఉంటే 1097కి ఫోన్ చెయ్యండి, డబ్బులు పడవు, పేరు చెప్పక్కర్లేదు.

మీరు అడగొచ్చు, ఇది ఆరోగ్య శాఖ పని కదా, హక్కుల పోరాటానికి దీనికి ఏం సంబంధం అని. సంబంధం వెదురులోనే ఉంది. బుట్ట అల్లాలంటే వెదురు కావాలి. మన నల్లమల నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. వెదురు కొడితే కేసు, ఆకు కోస్తే బెదిరింపు అనేది మనలో చాలామంది చూసిందే. 2006 అటవీ హక్కుల చట్టం వెదురుని చిన్న తరహా అటవీ ఉత్పత్తి అని స్పష్టంగా రాసింది. దాన్ని సేకరించి, వాడుకుని, అమ్ముకునే హక్కు మనకి ఇచ్చింది. ఆ హక్కు కాగితం మీదే ఉండిపోతే, అక్కలకి అల్లిక నేర్పించి లాభం లేదు. పొద్దుట మనం మాట్లాడిన పట్టా, ఇప్పుడు మాట్లాడుతున్న మాత్ర రెండూ ఒకే ఇంటి సంగతులు. శ్రీశైలం ఐటీడీఏ దగ్గరికి పోయినప్పుడు పట్టాల దరఖాస్తుతో పాటు ఆస్పత్రి ప్రయాణం సంగతి కూడా ఒక కాగితం మీద రాసి ఇవ్వండి. జీసీసీ తేనె కొంటుంది కదా, మన బుట్టల్నీ విస్తర్లనీ న్యాయమైన ధరకి కొనమని అడగండి. పెళ్ళిళ్ళలో, మన సభల్లో ప్లాస్టిక్ ప్లేట్లు ఆపి మన ఆకే వాడదాం. బేరం ముందు మన నుంచే మొదలవ్వాలి.

ఇక ఊరి సంగతి. డబ్బు, మందు ప్రభుత్వాన్ని అడుగుతాం. కలిసి తినడం ఏ ప్రభుత్వం ఇవ్వదు. అది మన చేతిలో ఉన్నది. మన గూడేల్లో వేటకి పోయినా, తేనె తీసినా పంచుకుని తినడం ఉంది. రాలేనివాడికి కూడా ఒక భాగం తీసిపెట్టడం మన పెద్దల రివాజు. అదే రివాజు జబ్బుతో ఉన్న అక్క దగ్గర ఎందుకు ఆగిపోయింది? ఆ వెలి బయట నుంచి వచ్చి మనలో చేరింది. దాన్ని తీసెయ్యగలిగేది మనమే.

చదువుకున్న తమ్ముళ్ళని, చెల్లెళ్ళని నేను అడిగేవి చిన్న పనులే. నెలకి ఒక్కరోజు బండి మీద ఎవరినన్నా ఆస్పత్రికి తీసుకుపోండి, బయట చెట్టు కింద కూర్చోండి, ఏం చీటీ రాశారని అడక్కండి. వలస పోయే మీ అన్నకి కండోమ్ గురించి, పరీక్ష గురించి సిగ్గుపడకుండా చెప్పండి. పోయేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి మీరూ పరీక్ష చేయించుకోండి, ఐసీటీసీలో ఉచితం. పెళ్ళికి ముందు ఇద్దరూ ఇష్టపడి చేయించుకుంటే ఇంకా మంచిది. తల్లికి జబ్బు ఉందని పిల్లని బడిలో విడిగా కూర్చోబెడితే, ఆ పిల్ల పక్కన మీ చెల్లిని కూర్చోమనండి.

ఒకవేళ మీలో ఎవరికన్నా, ఇది చదువుతున్న మీకే, ఈ జబ్బు ఉంటే ఈ మాట మీకు. మీరు ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. మాత్ర మాత్రం మానొద్దు. మీ చేతిపని మానొద్దు. గ్రూపులోకి రండి, మీ సంగతి అడిగేవాళ్ళు ఉండరు.

మొన్న ఒక గూడెంలో పెళ్ళికి పోయాను. పెళ్ళివాళ్ళు కాగితం ప్లేట్లు తేలేదు. ఐదారుగురు ఆడవాళ్ళు కలిసి కుట్టిన ఆకులు పరిచారు. ఎవరు ఏ ఆకు కుట్టారో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు. అందరం ఒకే వరసలో కూర్చుని తిన్నాం. చారు పోసుకున్నాను. కారలేదు. నాకు చిన్నప్పుడు చూర్లో దోపిన కట్ట గుర్తొచ్చింది. “నా ఆకు బాలేదా” అని ఆమె అడిగినప్పుడు చెప్పాల్సిన జవాబు, ఇన్నేళ్ళకి మీ అందరి ముందు చెప్తున్నా.

బాగుందక్కా. తప్పు నాది.

మీ గూడెంలో ఏ అక్కా ఆ ప్రశ్న అడగాల్సిన పని లేకుండా చూడండి.

జై ఆదివాసీ.